అక్కకు వచ్చిన దీవి

అక్కకు దీవి వచ్చింది, నాకు మురుంగపాక్కం మిగిలింది. ఈ ఒక్క మాట చెప్పుకుంటూ నేను ఏళ్లు గడిపాను. గిన్నెలు తోముతూ చెప్పుకున్నాను, రేషన్ కొట్టు ముందు నిలబడి చెప్పుకున్నాను, మా ఆయన గురక వింటూ చెప్పుకున్నాను. అసూయ చెడ్డదని పెద్దలంటారు. చెడ్డదే కావచ్చు గాని, నమ్మకమైనది. చుట్టాలు వస్తారు, పోతారు. ఇది మాత్రం పొద్దున లేచేసరికి మంచం పక్కనే కూర్చుని ఉంటుంది.

మాది పుదుచ్చేరికి ఎప్పుడో వచ్చి, ఊరి అంచున మురుంగపాక్కంలో స్థిరపడిపోయిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాట్లాడటమే గాని తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. కడుపులో ఉన్న కుళ్లంతా ఏదో ఒక లిపిలో రాసుకోవాలి గదా.

డెబ్బైల మొదట్లో మాట. నాన్న బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఆ ఏడు ఆడి అనే తమిళ నెలలో వీరాంపట్టినం అమ్మవారి తేరు చూడటానికి అందరం నడిచి పోయాం. నేను పచ్చ లంగా కట్టుకున్నాను. అక్కకు జ్వరం, ఇంట్లో పడుకుంది. తేరు దగ్గర ఒక పెద్దావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మా అమ్మను పక్కకు పిలిచి ఏదో అడిగింది. వారం తిరక్కుండా పూలూ తమలపాకులూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆవిడ మేనల్లుడు సొల్దా కొడుకు. ఫ్రెంచి సైన్యంలో చేసినవాళ్లను మా ఊళ్లో సొల్దా అంటారు. ఆ కుటుంబం ఫ్రెంచి వాళ్ల దీవి రెయూనియన్‌కు పోయి అక్కడే ఉండిపోయింది. కొడుకు అక్కడ మోటారు గ్యారేజీలో పనివాడు. సెలవు పెట్టి పెళ్లికూతురి కోసం వచ్చాడు. ఆ పచ్చ లంగా పిల్లను ఇవ్వండి అని ఆవిడ అడిగింది.

"పెద్దది ఇంట్లో ఉండగా చిన్నదాన్ని యాడన్నా ఇస్తారామ్మా?" అన్నాడు నాన్న. "ఇస్తే పెద్దదాన్ని ఇస్తా. లేదంటే కాఫీ తాగి పోండి."

ఆవిడ కాఫీ తాగుతూ ఆలోచించింది. అబ్బాయి సెలవు అయిపోవస్తోంది. ఇంకో ఇల్లు వెతికే ఓపిక ఆవిడకు లేదు. "సరి, ఆ పిల్లా లచ్చణంగానే ఉండాది గదా" అంది. అంతటితో అయిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో ఆ పూజారి మా నాన్నే. రెండో ఆడపిల్లగా పుట్టడమే నేను చేసిన నేరం. పెళ్లిపందిట్లో అందరికీ పన్నీరు చల్లే పని నాకు అప్పజెప్పారు. చల్లాను. బావ కంట్లో పడేటట్టు కాస్త గట్టిగానే చల్లాను.

తర్వాత దీవి నుంచి రంగు ఫొటోలు వచ్చేవి. వెనకాల కొండలు, ముందు సముద్రం, నడుమ తెల్ల కారు, ఆ కారుకు చేరబడి మా అక్క. మా అమ్మ ఆ ఫొటోలు వీధి మొత్తానికి చూపించేది. అందరూ అక్క చీర చూసేవాళ్లు. నేను మాత్రం వెనక రోడ్డు చూసేదాన్ని. ఆ రోడ్డు సముద్రం అంచునే వంపు తిరిగి ఎక్కడికో పోయేది. ఎక్కడికి పోతుందో ఏ ఫొటోలోనూ కనిపించేది కాదు.

నాకూ పెళ్లయింది. మా ఆయనది తట్టాంచావడిలో లేతు మిషన్ మీద పని. సైకిల్ మీద పోయి సైకిల్ మీద వస్తాడు. మంచివాడు. అదే నా కష్టం. చెడ్డవాడైతే నా ఏడుపుకు జనం ఒప్పుకునే కారణం ఒకటి దొరికేది. ముందు పాప పుట్టింది, తర్వాత ఇద్దరు మగపిల్లలు.

ఎనభైల నడుమ అక్కా బావా వచ్చారు. అన్నేళ్లయినా అక్కకు పిల్లలు లేరు. ఇక పుట్టరని అక్కడి డాక్టర్లు చెప్పేశారు. ఈసారి వచ్చింది ఊరికే చూడటానికి కాదని రెండో రోజే అమ్మ నా చెవిన వేసింది. మా పాపను అడగడానికి వచ్చారు. పెంచుకుంటారట, దీవికి తీసుకుపోయి చదివిస్తారట.

"నీకు ముగ్గురు. దానికి ఒక్కరూ లేరు. ఏందమ్మా తప్పు?" అంది అమ్మ, గిన్నెడు కందిపప్పు బదులు అడుగుతున్నట్టు.

మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమంటే ఆయన భాషలో ఒప్పుకోవడమే. అక్క మాత్రం ఒక మాట స్పష్టంగా చెప్పింది. "బలవంతంగా తీసుకుపోను. దాన్నే అడుగుదాం. రాను అంటే సరి, ఇంక ఆ మాట ఎత్తను."

నేను వెంటనే ఒప్పుకున్నాను. పదేళ్లు నిండినా నా కొంగు పట్టుకోకుండా నిద్రపోని పిల్ల అది. అడగనీ, దాని నోటితోనే కాదనిపించుకుని పోనీ అనుకున్నాను. అక్కకు ఒక్కసారైనా ఏదో ఒకటి దక్కకుండా పోవడం కళ్లారా చూడాలని ఉండింది.

బావ తిండి దగ్గర కూర్చుంటే తన దీవి గురించి తప్ప మాట్లాడడు. "ఆదివారమైతే మా పక్క ఎవరూ ఇంట్లో ఉండరు. కుండలు గిన్నెలు కార్లో ఏసుకొని సముద్రం ఒడ్డుకు పోతాం. సముద్రాన్ని ఒక పక్కన పెట్టుకొని పొద్దున బయల్దేర్తే, అదే పక్కన పెట్టుకొని సాయంత్రానికి మా ఇంటి ముందరికి వచ్చేస్తాం. యాడా వెనక్కి తిరిగే పనే లే."

మా ఆయనకు పౌరుషం వచ్చింది. "ఇక్కడా దీవి ఉండాది అన్నా. ఒకపక్క అరియాంకుప్పం ఏరు, ఒకపక్క చున్నాంబారు. రెండూ ఒకే ఏటి పాయలు. ఎదరగా సముద్రం. నడుమ ఉండే నేలంతా దీవే గదా!"

బావ అన్నం ముందు నుంచి లేచినంత పని చేశాడు. అయితే ఆదివారం కారు మాట్లాడి ఆ దీవిని చుట్టి వద్దాం, అక్కడే వంట చేసుకుందాం, పాపను కూడా అక్కడే అడుగుదాం అని నిర్ణయమైపోయింది. నేను లెక్క వేసుకున్నాను. మా ఆయన చెప్పిన దీవి ఏటికి అవతల మొదలవుతుంది. మా మురుంగపాక్కం ఇవతల ఉంది. ఊరి పక్కనున్న దీవిలో కూడా నాకు చోటు లేదన్నమాట.

ఆదివారం పొద్దున నల్ల అంబాసిడర్ వచ్చింది. మగపిల్లల్ని అమ్మ దగ్గర వదిలిపెట్టాం. కారు నేనే నడుపుతానని బావ ముచ్చట పడ్డాడు గాని, డ్రైవర్ తాళాలు జేబులో వేసుకుని నవ్వాడు. బావ ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చున్నాడు. వాళ్ల దేశంలో స్టీరింగ్ ఉండేది ఆ పక్కనేనట. దారి పొడుగునా ఆయన కాలు కింద రేకును తొక్కుతూనే ఉంది. ఎదురుగా లారీ వస్తే కుడి పక్కకు పో అని అరిచేవాడు. "సార్, ఆ పక్కకు పోతే ఆస్పత్రికే" అన్నాడు డ్రైవర్. పాప వాళ్లిద్దరి మధ్య కూర్చుని పడీపడీ నవ్వింది.

వెనక సీట్లో సముద్రం పక్క కిటికీ అక్కది. చుట్టం గదా. రెండో కిటికీ మా ఆయనది. గాలి తగలకపోతే ఆయనకు వాంతి వస్తుందట. పుట్టి బుద్ధెరిగాక ఎన్నిసార్లు కారెక్కాడని ఈ సంగతి తెలుసుకున్నాడో నేను అడగలేదు. నడిమి సీటు నాది. కాళ్ల కింద గడ్డలాగా లేచి ఉంటుంది, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ముందు ఊళ్లోకి పోయి బీచి రోడ్డు మీద మెల్లగా ఒక చుట్టు చుట్టాం. అక్క అటు చూడండి అంటుంది, మా ఆయన ఇటు చూడండి అంటాడు. నేను చూసింది డ్రైవర్ మెడ. అక్క చేతుల్లేని రవిక వేసుకుంది. కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఆమె సెంటు వాసన నా మీదుగా మా ఆయన దాకా పోయేది. ఆయన ముక్కు ఎగబీల్చడం నేను చూశాను.

తిరిగి వచ్చి మా వీధి ముందు నుంచే పోయి ఏటి వంతెన దాటాం. దాటగానే "ఇంక దీవి" అని మా ఆయన ప్రకటించాడు, తానే తవ్వించినట్టు. బావ చప్పట్లు కొట్టాడు. పాప వెనక్కి తిరిగి, ముందు సీటు మీది నుంచి పాకి వచ్చి, అక్క ఒళ్లో కూర్చుంది. నా ఒడి మధ్యలోనే ఉంది. దాన్ని తొక్కుకుంటూ పోయి కూర్చుంది.

"ఇట్ల రావే, పెద్దమ్మకు బరువు" అన్నాను.

"ఉండనీవే, ఏం బరువు" అంది అక్క. తన నల్ల కళ్లద్దాలు తీసి దాని ముక్కుకు పెట్టింది. అవి జారిపోతుంటే పాప ఒక చేత్తో పట్టుకుని, తల ఎత్తి, మహారాణిలాగా బయటికి చూసింది. అక్క చేతులు దాని నడుం చుట్టూ ఉన్నాయి. అక్క గోళ్లకు రంగు. నా చేతుల్ని చూసుకుని ఒళ్లో ముడుచుకున్నాను.

వీరాంపట్టినం చేరేసరికి పడవలు ఒడ్డుకు వచ్చేశాయి. ఇసక మీద వలలు ఆరుతున్నాయి. బావ లాగు మోకాళ్ల దాకా మడిచి పోయి, జాలరి ఆడవాళ్లతో తన అరిగిపోయిన తమిళంలో బేరమాడి వంజరం చేప తెచ్చాడు. సరుగుడు తోపులో మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఏరి, తానే పొయ్యి ముట్టించాడు. ఉల్లిపాయలు తరిగింది ఆయన. దీవి నుంచి తెచ్చుకున్న చిన్న కొయ్య రోట్లో అల్లం, వెల్లుల్లి, మిరపకాయలు ఉప్పేసి నూరింది ఆయన. మా అక్క చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. మధ్యలో ఆయన తల తిప్పి "నీళ్లు కావాలా నీకు?" అని అడిగాడు. అడిగింది ఆయన, తాగింది ఆమె, ఒళ్లు మండింది నాకు.

మా ఆయనకు ఇదంతా సర్కస్ లాగా ఉంది. "ఏంది అన్నా, ఆడోళ్లు ఇద్దరుండగా నువ్వు గరిటె పట్టుకునేది?"

"ఆదివారం మా పక్క మగోళ్లదే వంట తమ్ముడూ."

"చూసి నేర్చుకో" అన్నాను నేను, మా ఆయన చెవిలో.

"తినేది నేర్చుకుంటా" అన్నాడు ఆయన.

కూరలో ఉప్పు ఎక్కువ కావాలని నేను మనసులో మొక్కుకున్నాను. వీరాంపట్టినం అమ్మవారికి నా మీద ఏనాడూ దయలేదు. కూర సరిగ్గా కుదిరింది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. కోపం కోపమే, చేప చేపే.

తిన్నాక అక్క పాపను దగ్గరికి లాక్కుంది. బావ చేతులు కడుక్కుంటున్నవాడు చెంబు కింద పెట్టేశాడు. మా ఆయన ఇసకలో పుల్లతో గీతలు గీస్తూ తల దించుకున్నాడు. నేను మాత్రం పాప ముఖం వంక నిదానంగా చూస్తూ కూర్చున్నాను. నాకేం భయం?

"ఏం పాపా, మాతో వస్తావా? పెద్దమ్మ కాడే ఉంటావా? ఆడనే స్కూలు, ఆడనే అంతా. సెలవులకు అమ్మను చూసేదానికి వద్దాం."

పాప నా వైపు చూడలేదు. అది నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఒక్కసారి చూసి ఉంటే నేను కళ్లతోనే చెప్పేదాన్ని. అది కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, "ఎప్పుడు?" అంది. "ఎప్పుడు పోతాం పెద్దమ్మా?"

నేను చేప గిన్నె తీసుకుని, తోముకొస్తానని చెప్పి, సముద్రం దగ్గరికి నడిచాను. అక్క వెనకనే వచ్చింది. నేను ఇసక పోసి గిన్నె రుద్దుతుంటే పక్కన నిలబడింది.

"కోపమా?"

"నాకెందుకు కోపం? ముందు నాకొచ్చిన సంబంధం తీసుకున్నావు. ఇప్పుడు నా బిడ్డ. ఇంకేం ఉండాది మా ఇంట్లో? కుట్టు మిషన్ ఒకటి ఉండాది. అదీ కార్లో ఏసుకొని పో."

"సంబంధం నేను తీసుకున్నానా? నాయన ఇచ్చినాడు. నన్ను అడిగినారా ఎవరన్నా?"

"అడిగింటే వద్దనే దానివా?"

అక్క "అనను" అంది.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "ఆ దీవికి పోవాల్సింది నేను" అన్నాను. నా గొంతు పైకి లేచింది. "నేను పోవాల్సింది. నువ్వు పోయినావు. ఇప్పుడు అదీ పోతాదంట. అందరూ పోతారు. నేను మాత్రం ఆ ఏటి పక్కన గిన్నెలు తోముకుంటా ఉండాల."

అక్క కూడా వంగి నా పక్కన కూర్చుంది. చీర తడుస్తున్నా పట్టించుకోలేదు. "ఒకటి చెప్తా విను. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ఆయన పచ్చ లంగా పిల్ల వస్తాదని కూర్చోనుండె. వాళ్ల అత్త దారి పొడుగునా నీ గురించే చెప్పిందంట, పిల్ల మారిందని మాత్రం చెప్పలేదంట. కాఫీ తెచ్చింది నేను. ఆ పొద్దు ఆయన మొగం నేను ఇంకా మర్చిపోలా. ఇన్నేండ్లలో ఒక్క మాట అనలా ఆయన. అనేసింటే బాగుండు."

ఆ మాట వినగానే నాకు సంతోషం వేసింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మా అక్క కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నా కడుపు చల్లబడింది. ఆ తెల్ల కారులో, ఆ కొండల ముందు, ఆ ఫొటోలన్నిటిలో నేనూ ఒక మూల నిలబడి ఉన్నానన్నమాట. సిగ్గుపడాలి గదా, పడలేదు. గిన్నె కడుక్కుని లేచి, తడి ఇసక మీద హాయిగా నాలుగడుగులు వేశాను. అప్పుడు చూశాను, పాప మా వెనకనే నిలబడి ఉంది. తాగడానికి నీళ్లు తెచ్చిందట, గ్లాసు చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

మళ్లీ కారెక్కి చున్నాంబారు వైపు పోయాం. పాప మళ్లీ అక్క ఒళ్లోనే. ఇప్పుడిక అడగడం మొదలుపెట్టింది. ఆ దీవిలో వాన పడుతుందా? స్కూలుకు బస్సులో పోవాలా? ఆ కొండల్లో ఒకటి నిప్పులు కక్కుతుందని పెదనాన్న చెప్పినాడు, నిజమేనా? ఇంట్లోంచే కనిపిస్తుందా? భయం వెయ్యదా?

"మొదట్లో వేసింది. తరవాత అలవాటైపోయింది" అంది అక్క.

"ఆడోళ్లు కారు నడపచ్చా?"

"నేనే నడుపుతా. పెదనాన్న పక్కన కూర్చొని అరుస్తా ఉంటాడు, ఇప్పుడు అరిచినట్టు."

మా అక్క కారు నడుపుతుందని నాకు తెలియదు. ఏ ఫొటోలోనూ ఆమె స్టీరింగ్ ముందు కూర్చోలేదు. "సముద్రం పక్కనే పోయే ఆ రోడ్డు మీదా?" అని ఎవరో అడిగారు. అడిగింది నేనే. నడిమి సీట్లోంచి ముందుకు వంగి, మోచెయ్యి పాప మోకాలికి ఆనించి, నోరు తెరుచుకుని వింటున్నాను.

"ఆ రోడ్డు మీదే" అంది అక్క.

పాప ఇంకో ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నా నాదే. పచ్చ లంగా కట్టుకున్న ఏడు నేను అడగాలని దాచుకున్నవన్నీ ఒకదాని వెంట ఒకటి ఇది అడుగుతోంది. అక్క జవాబులు చెబుతోంది, దీనికి. నాకు కాదు. అప్పుడు తెలిసింది, నాకిప్పుడు కోపం అక్క మీద లేదు. అక్క ఒళ్లో కూర్చున్నదాని మీద ఉంది. నా కూతురి మీద, నా కొంగు పట్టుకుని నిద్రపోయే పిల్ల మీద. నాకు రానిది దీనికి అడగగానే వస్తోంది, రెండు కాళ్లూ ఊపుకుంటూ తీసుకుంటోంది. కన్నతల్లికి రావలసిన బుద్ధి కాదిది. వచ్చింది, వచ్చి గట్టిగా కూర్చుంది.

చున్నాంబారు ఒడ్డున కారు ఆపి కొబ్బరి బొండాలు కొట్టించారు. అవతల పడవలో ఎవరో గడ్డి మోపులు తీసుకుపోతున్నారు. మా ఆయన నా పక్కకు వచ్చి, బొండాం నా చేతికిచ్చి, "ఏమంటావు?" అన్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"పంపను" అన్నాను.

అక్క ఒక్కసారి తల ఊపింది. పాపను అడుగుదాం అన్న మాట గుర్తు చెయ్యలేదు. చెయ్యొచ్చు, చెయ్యలేదు. బావ "తల్లి గదా" అన్నాడు. డ్రైవర్ కూడా "కన్నకడుపు సార్" అని నిట్టూర్చాడు. మా ఆయన కళ్లు చెమర్చాయి. ఆ మనిషి కారెక్కేటప్పుడు పక్కకు జరిగి, "నువ్వు ఇట్ల కూర్చో" అని తన కిటికీ నాకు ఇచ్చాడు. వాంతి సంగతి ఏమైందో మరి.

కారు ఏటి గట్టు పక్క మట్టి రోడ్డు పట్టుకుని, తాటిచెట్ల నడుమ నుంచి విల్లియనూరు వైపు మెల్లగా పోయింది. చెరుకు తోటలు, నీళ్లలో బర్రెలు, గట్టు మీద ఆరేసిన చీరలు. ముఖానికి గాలి కొట్టింది. నేను చెయ్యి బయటికి పెట్టాను. కన్నకడుపన్న పేరుతో సంపాదించుకున్న కిటికీ, అయినా చాలా బాగుంది. పాప మాత్రం దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

పొద్దుగూకుతుండగా ఇల్లు చేరాం. పెరట్లో బావి దగ్గర కూర్చోబెట్టి పాప కాళ్లకు అంటిన ఇసక కడుగుతున్నాను. లోపల అమ్మ అక్కను ఓదారుస్తున్న మాటలు వినిపిస్తున్నాయి.

"నువ్వు పోలేదని నన్ను పోనియ్యవా?" అంది పాప.

"ఎవరే నీకు చెప్పింది?"

"నువ్వే గదా. సముద్రం కాడ పెద్దమ్మతో చెప్పినావు గదా."

దాని పాదం నా చేతిలో ఉంది. పెద్దవాళ్ల మాటల్లో నీకేం పని అని ఒకటి వెయ్యొచ్చు. నిన్ను చూడకుండా ఉండలేనే నా తల్లీ అని దగ్గరికి తీసుకోవచ్చు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అది అడిగింది వేరే ప్రశ్న.

"అవును" అన్నాను.

అది ఏడవలేదు, అరవలేదు. "అది బాగలేదు గదా అమ్మా" అంది, నేను కూడిక తప్పు చేస్తే చెప్పినట్టు.

"బాగలేదు" అన్నాను.

"అయితే పోయేదా?"

"పో."

అది రెండో కాలు చాచింది. దానికీ ఇసక ఉంది. వేళ్ల సందుల్లో దాకా నిదానంగా కడిగాను.

మర్నాడు పొద్దున అక్కకు చెప్పాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయింది. దణ్ణం పెడతా, ఏమీ అనొద్దన్నాను. కాగితాల పనికి చాలా నెలలు పట్టింది. మరుసటి ఏడు అక్క ఒక్కతే వచ్చింది, పాపను తీసుకుపోవడానికి. మద్రాసు విమానాశ్రయం దాకా నేనూ మా ఆయనా పోయాం. పాప కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ గాజు తలుపు దాకా నడిచింది. అక్కడ ఒకసారి తిరిగి, చెయ్యి ఊపి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది. దానికి ఏడుపు రాలేదు. నేనే నేల మీద కూలబడి ఏడ్చాను. ముక్కూ ముఖం తెలియని ఒకావిడ వచ్చి నా వీపు నిమిరింది. "బిడ్డ బాగా చదువుకుంటాది, ఏడవొద్దు" అంది. ఆవిడకేం తెలుసు? ఆ ఏడుపులో బిడ్డ పోతున్నందుకు ఉన్నది సగమే. తక్కిన సగం ఆ విమానంలో నేను లేనందుకు.